మా చేనుకు సరిపోయే ట్రాక్టర్

మా గూడెంలో అరవై గడపలున్నాయి. పదిహేనేళ్ల కింద ఇక్కడ ఒక్క ట్రాక్టర్ లేదు. ఇప్పుడు మూడున్నాయి. మూడోది మా ఇంటిది. 2024 మార్చిలో కొన్నాం, దానితో రెండు వానకాలాలు గడిచాయి. రాయిసెంటర్ సమావేశానికి పోయినా, స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు పోయినా మన పిల్లలు నన్ను ఒకటే అడుగుతున్నారు. "మేడం, ఏ కంపెనీది తీసుకున్నారు? ఎంత హెచ్‌పీ? డౌన్ పేమెంట్ ఎంత కట్టారు?" ఒక్కొక్కరికి నిలబడి చెప్పేకంటే రాసిపెడితే నలుగురికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఫలానా కంపెనీ మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ట్రాక్టర్ కొనండని గానీ, కొనొద్దని గానీ చెప్పను. కొనేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని చేయవలసిన లెక్క ఒకటి ఉంది. దాన్ని షోరూంలో చేస్తే వాళ్ల లెక్క అవుతుంది. మన ఇంట్లో, మన భాషలో చేస్తేనే మన లెక్క అవుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

మాది జైనూర్ వైపు. నా భర్తదీ, మరిదిదీ కలిపి పన్నెండెకరాలు. అందులో ఐదెకరాలు మా మామగారి తండ్రికి వచ్చిన లావణి పట్టా, మంచి రేగడి. నాలుగెకరాలు గుట్ట వాలులో చెలక, రాళ్లు ఎక్కువ. మిగతా మూడెకరాలకు అటవీ హక్కుల పట్టా ఉంది. ఆ చట్టం ప్రకారం అది భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి కాబట్టి నా పేరు కూడా అందులో ఉంది. ఏడెకరాల్లో పత్తి వేస్తాం. మిగిలిన దాంట్లో సోయా, కంది, ఇంటి తిండికి జొన్న. బోరు లేదు, అంతా వాన మీదే.

ఇంత చిన్న సేద్యానికి సొంత ట్రాక్టర్ ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ మా వాళ్లను మొదట అదే అడిగాను. దానికి మరిది చెప్పిన కారణం పదును. రేగడి నేల సంగతి మీకు తెలుసు. వాన పడిన రోజు కాలు దిగబడుతుంది. రెండు రోజులాగితే పదునుకొస్తుంది. ఇంకో మూడు రోజులాగితే రాయి అవుతుంది. పని జరగవలసింది ఆ నడుమ రోజుల్లోనే. కిరాయి ట్రాక్టర్ మాత్రం మన పదును చూసి రాదు. పెద్ద కమతాలన్నీ అయ్యాక, మన వంతు వచ్చినప్పుడు వస్తుంది. అప్పటికి నేల ఎండి పెళ్లలు లేస్తుంది. విత్తనం పెడితే సగం మొలవదు. మళ్లీ ప్యాకెట్లు కొనాలి.

నా భర్త చెప్పిన కారణం ఇంకొకటి. మాకు కిరాయికి ట్రాక్టర్ పంపేది ఎరువులు, విత్తనాలు అప్పుకిచ్చే సేటే. దుక్కి కిరాయి కూడా ఆయన ఖాతాలోనే రాస్తాడు. దీపావళి దాటాక పత్తి ఆయన కాంటాకే పోవాలి. 2023-24లో పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,020 రూపాయలు. ఆ ఏడాది సేటు కాంటాలో మాకు పడింది 6,500. మాకు 45 క్వింటాళ్లు పండింది. క్వింటాలుకు 520 చొప్పున 23,400 రూపాయలు అక్కడే పోయాయి. దుక్కి కిరాయి ఎంత అని అడిగితే గంటకు 1,100 అని అందరూ చెబుతారు. ఈ 23,400 కూడా ఆ కిరాయిలో భాగమేనని ఎవరూ లెక్కపెట్టరు. బండీ ట్రాలీ మనవైతే పత్తిని నేరుగా సీసీఐ కొనుగోలు కేంద్రానికి తోలుకోవచ్చు.

మా అత్తకు డెబ్బై దాటాయి. చదువు లేదు. ఇంట్లో ట్రాక్టర్ మాట వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒకే ప్రశ్న. "అది పత్తి సాళ్లలో డౌర కొడుతుందా?" ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేదు. దుక్కి దున్నడం, గుల్ల చేయడం, బరువు లాగడం ట్రాక్టర్ చేస్తుంది. పత్తి మోకాలెత్తు వచ్చాక సాళ్ల నడుమ కలుపు తీసే డౌర పని మా సాళ్ల ఎడంలో పెద్ద ట్రాక్టర్‌తో కాదు. దానికి ఎడ్లే కావాలి. అందుకే ఉన్న రెండు జతల్లో ఒక జతను అమ్మకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాం. మా గోండిలో ఎద్దును కోంద అంటాం. పొలాల పండుగ రోజు కోందలకు కడిగి, రంగులు పూసి, పెట్టి గాని మేం తినం. అత్త మనసులో ఆ బాధ కూడా ఉండవచ్చు. కానీ ఆమె అడిగింది పని ప్రశ్న. ఎడ్లన్నీ అమ్మి ట్రాక్టర్ తెచ్చుకున్న ఇళ్లు వానకాలం నడుమ డౌర కోసం ఎడ్లను కిరాయికి తెచ్చుకోవడం ఆ తర్వాత నా కళ్లతో చూశాను.

ఇక ఎంత శక్తి ఉన్న ట్రాక్టర్ అనే మాట. మరిదికి యాభై హెచ్‌పీ మీద మనసు. "వదినా, కొంటే పెద్దదే కొందాం, నలుగురిలో నిలబడాలి" అన్నాడు. వయసులో ఉన్నవాడు అట్లా అనడంలో తప్పు లేదు. నేను కాగితం మీద మా చేన్ల పటం గీశాను. ఏ ముక్క ఎంత, గట్టు ఎక్కడ, రాళ్లు ఎక్కడ, వాగు ఎక్కడ అని ఇద్దరినీ అడిగి గుర్తులు పెట్టాను. అన్నిటికంటే పెద్ద ముక్క మూడెకరాలు. చిన్నది అరెకరం. పొడుగు బండి అరెకరంలో తిరగడానికే సగం సమయం పోతుంది. బరువైన బండి తడి రేగడిలో తిరిగితే పైన గుల్లగా కనిపించినా అడుగున నేల గట్టిపడుతుంది. పత్తి తల్లివేరు లోతుకు దిగదు.

అప్పుడు పరికరం నుంచి వెనక్కి లెక్క వేశాం. మాకు కావలసింది తొమ్మిది నాగళ్ల కల్టివేటర్, ఐదడుగుల రోటవేటర్, పత్తికీ పెంటకూ ఒక ట్రాలీ. ఐదడుగుల రోటవేటర్‌కు నలభై హెచ్‌పీ అటూ ఇటూ సరిపోతుంది. ఆరడుగులదానికైతే నలభై అయిదు, యాభై కావాలి. ఇక్కడ పిల్లలు తెలుసుకోవలసింది ఒకటుంది. బానెట్ మీద రాసే హెచ్‌పీ ఇంజనుది. రోటవేటర్‌ను తిప్పేది వెనక ఉండే పీటీఓ. దాని శక్తి ఇంజను శక్తి కంటే కొంత తక్కువ ఉంటుంది. కాబట్టి అడగవలసింది పీటీఓ హెచ్‌పీ ఎంత అని. షోరూంలో నేను ఈ ప్రశ్న వేసినప్పుడు అప్పటిదాకా నా భర్తతోనే మాట్లాడుతున్న అబ్బాయి నా వైపు కుర్చీ తిప్పాడు.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ మోడళ్లను అక్కడ పరీక్షించి నివేదికలు ఇస్తారు. పీటీఓ శక్తి ఎంత వచ్చింది, గంటకు డీజిల్ ఎంత తాగింది, ఎంత బరువు ఎత్తింది అన్నీ అందులో ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఇంగ్లీషులో ఉంటాయి కాని అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. రెండు మోడళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టి మా మరిదే అంకెలు చదివాడు. యాభై హెచ్‌పీ మాట తనంతట తానే వదిలేశాడు. చివరకు నలభై రెండు హెచ్‌పీ, ముందు చక్రాలకు శక్తి లేని మామూలు రకం అనుకున్నాం. నాలుగు చక్రాలకూ శక్తి ఉండే బండి వరి దమ్ముకు బాగుంటుంది. ధర మాత్రం చాలా ఎక్కువ. మాకు వరి లేదు. పట్టు చాలకపోతే వెనక టైర్లలో నీళ్లు నింపుకోవచ్చు.

బ్రేకుల విషయంలో మాత్రం రాజీ పడలేదు. మా చేనుకు పోవాలంటే వాగు దాటాలి. పొడి డిస్కు బ్రేకులు తడిస్తే పట్టు తప్పుతాయి. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులకు ఆ భయం తక్కువ. గుట్ట దిగుతున్న ట్రాలీ వెనక నుంచి తోస్తున్నప్పుడు బ్రేకు విలువ తెలుస్తుంది. కంపెనీ ఏదన్న దానికి మా జవాబు కూడా సాదాగానే వచ్చింది. మహీంద్రా, స్వరాజ్, మాస్సీ, ఈ మూడూ మా వైపు తిరుగుతున్నాయి. జైనూర్‌లో, ఉట్నూర్‌లో మెకానిక్‌లను అడిగాం. ఏ బండిని వాళ్లు రోజూ విప్పుతున్నారు, ఏ బండి సామాను అంగట్లో అదే రోజు దొరుకుతుంది అని. జూన్‌లో బండి పాడైతే సామాను కోసం వారం ఆగడం అంటే పదును పోవడమే. కంపెనీ పేరు నేను ఇక్కడ రాయకపోవడానికి కారణం ఇదే. మా మండలానికి సరిపోయింది మీ మండలానికి సరిపోవాలని లేదు.

ఇప్పుడు అప్పు సంగతి. ఇది నెమ్మదిగా చదవండి.

షోరూంలో మాకు చెప్పిన పథకం ఇది. యాభై హెచ్‌పీ ట్రాక్టరు, రోటవేటరు కలిపి 9,50,000. చేతి నుంచి రెండు లక్షలు కట్టాలి. మిగతా ఏడున్నర లక్షలు ఫైనాన్సు. ఐదేళ్లు, ఆరు నెలలకో కిస్తీ. "వడ్డీ పది శాతమే మేడం, బ్యాంకుకు పోతే పదకొండు పడుతుంది, తిరగలేక చస్తారు" అన్నాడు ఆ అబ్బాయి. పది కంటే పదకొండు ఎక్కువని మా అయిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. కాని ఆ పది శాతం ఫ్లాట్ వడ్డీ. అంటే మీరు ఎంత తీర్చినా ఐదేళ్లూ మొత్తం ఏడున్నర లక్షల మీదే వడ్డీ నడుస్తుంది. ఏడాదికి 75,000 చొప్పున ఐదేళ్లకు 3,75,000. అసలుతో కలిపి 11,25,000. పది కిస్తీల్లో ఒక్కొక్కటి 1,12,500.

బ్యాంకు చెప్పే పదకొండు శాతం మిగిలిన అసలు మీద మాత్రమే. కిస్తీ కట్టిన కొద్దీ అసలు తగ్గుతుంది, వడ్డీ తగ్గుతుంది. అదే ఏడున్నర లక్షలకు అదే పది కిస్తీలు లెక్కవేస్తే ఒక్కొక్కటి సుమారు 99,500. మొత్తం 9,95,000. పది శాతం అన్న అప్పు పదకొండు శాతం అప్పు కంటే 1,30,000 ఎక్కువ తీసుకుంటోంది. ఆ రాత్రి ఈ లెక్కను ఇంట్లో నేల మీద సుద్దముక్కతో వేసి చూపించాను. గోండిలో చెప్పాను. లక్షలు, శాతాలు అనడానికి తెలుగు మాటలు, మరాఠీ మాటలు కలుపుకున్నాను. అత్తకు అర్థమయ్యేలా ఇంకో రకంగా చెప్పాను. "పది సోలల జొన్నలు అప్పు తెచ్చాం. అయిదు సోలలు తిరిగి ఇచ్చేశాం. ఇంకా పది సోలలకే మిత్తి అడుగుతున్నాడు." ఆమె వెంటనే అంది, "సేటు కూడా అట్లనే అడుగుతడు."

వడ్డీ తేలింది. అప్పు తీరుతుందా అన్నది ఇంకో లెక్క. దానికి గంటలు లెక్కపెట్టాలి. మా నేలలో ఎకరానికి కల్టివేటర్ రెండుసార్లు రెండు గంటలు, రోటవేటర్ గంటన్నర, పెంట తోలకం, పంట తోలకం కలిపి రెండు గంటలు. మొత్తం అయిదున్నర గంటలు. పన్నెండెకరాలకు 66 గంటలు. గంట నడిపితే నాలుగు లీటర్ల డీజిల్, లీటరు 96 లెక్కన 384 రూపాయలు. ఆయిల్, టైర్ల అరుగుదల, మరమ్మతు కలిపి 116 వేసుకున్నాం. గంట ఖర్చు 500. కిరాయి 1,100 మిగులుతుంది కాబట్టి మన సొంత పనికి గంటకు 600 లాభం. 66 గంటలకు 39,600. బయటికి కిరాయికి పోతే డ్రైవర్‌కు గంటకు వంద పోగా 500 మిగులుతుంది.

షోరూం పథకం ప్రకారం ఏడాదికి కిస్తీలు 2,25,000. ఇన్సూరెన్సు, సర్వీసింగు కలిపి ఇంకో 25,000. మొత్తం రెండున్నర లక్షలు. అందులో మన సొంత పని 39,600 తీసేస్తే 2,10,400 కిరాయి మీద రావాలి. గంటకు 500 చొప్పున సుమారు 421 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు నడిపినా 53 రోజులు. మా గూడెంలో అప్పటికే రెండు ట్రాక్టర్లున్నాయి. దుక్కుల కాలం ముప్పై, ముప్పై అయిదు రోజులు. ఇందులో మన చేన్లు కూడా దున్నుకోవాలి. ఎట్లా వస్తుంది? రాదు. లెక్క నేల మీద ఉంది కాబట్టి ఎవరూ ఎవరినీ ఒప్పించవలసిన అవసరం రాలేదు.

అక్కడితో ట్రాక్టర్ ఆలోచన మానేద్దామని నా భర్త అన్నాడు. ఆడబిడ్డ ఇంటివాళ్లను కలుపుకుందామని చెప్పింది అత్తే. వాళ్లు పక్క గూడెంలోనే ఉంటారు. ఎనిమిదెకరాల సేద్యం. వాళ్లకూ పదును బాధే, సేటు బాధే. మూడిళ్లు కలిస్తే ఇరవై ఎకరాలు, 110 సొంత గంటలు. మేము లక్షా నలభై వేలు, మరిది లక్ష, ఆడబిడ్డ వాళ్లు లక్ష వేసుకున్నాం. నలభై రెండు హెచ్‌పీ ట్రాక్టర్ రోడ్డెక్కేసరికి 7,10,000. కల్టివేటర్ 35,000. ట్రాలీ పాతది 95,000. మొత్తం 8,40,000లో మేము 3,40,000 కట్టి అయిదు లక్షలు బ్యాంకు అప్పు తెచ్చాం. రోటవేటర్ కొనలేదు, అద్దెకు తెచ్చుకున్నాం. ఆరు నెలల కిస్తీ సుమారు 66,300. ఏడాదికి కిస్తీలు, మిగతా ఖర్చులు కలిపి దగ్గర దగ్గర 1,58,000. సొంత పని మీద 66,000 మిగులుతుంది. బయటినుంచి రావలసింది 92,000, అంటే 184 గంటలు. ఇరవై మూడు రోజుల పని. 421కీ 184కీ ఉన్న తేడాయే మా నిద్ర.

ముగ్గురు కలిసి కొన్న వస్తువు ముగ్గురినీ విడగొట్టకుండా ఉండాలంటే మాట ముందే రాసుకోవాలి. పటేల్ ముందు కూర్చుని రాసుకున్నాం. ఎవరి వాటా ఎంత, బండి ఎవరి పేరున ఉంది, వాన పడితే ముందు ఎవరి చేను, ఒక ఏడాది ముందు దున్నుకున్నవాళ్లు తర్వాతి ఏడాది చివర. సొంత చేనులో నడిపినా గంటకు 500 డబ్బాలో వేయాలి. గంటలు అవర్ మీటర్ చూసి పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం ఎనిమిదో తరగతి చదివే మా ఆడబిడ్డ కూతురి దగ్గర ఉంటుంది. మేనమామ అయినా సరే, అంకె చెప్పకుండా తాళం చెవి ఇవ్వదు.

కాగితాల గురించి మన యువకులకు గట్టిగా చెప్పవలసినవి మూడున్నాయి.

ఒకటి, భూమి. అటవీ హక్కుల పట్టా భూమి వారసులకు వస్తుంది. అమ్మడానికీ, బదిలీ చేయడానికీ వీల్లేదు. కాబట్టి అది తనఖాకు పనికిరాదు. ఎవరైనా ఆ పట్టా అసలు కాగితం తెచ్చిపెట్టమంటే పెట్టకండి. ఏజెన్సీలో మన పాత పట్టా భూములకు 1/70 రక్షణ ఉంది, అవి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ట్రాక్టర్ అప్పుకు మొదటి హామీ ఆ ట్రాక్టరే అని గుర్తుంచుకోండి. భూమి కాగితం అడిగితే ఎందుకో రాతలో అడగండి.

రెండు, పేరు. వ్యవసాయ యాంత్రీకరణ పథకాల్లో ఎస్టీలకు, మహిళలకు రాయితీ శాతం ఎక్కువ. ఏ ఏడాది ఏ యంత్రానికి ఇస్తున్నారో రైతువేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని, ఐటీడీఏలో అధికారులను అడిగి తెలుసుకోవాలి. ఇదే రాయితీ కోసం వేరేవాళ్లు మన పేరు అడుగుతారు. "నీకు ఇరవై వేలిస్తా, సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అంటారు. మా పక్కన ఒక గూడెంలో ఒకాయన పేరు మీద ట్రాక్టర్ ఉంది. అది ఆయన ఇంటి ముందు ఒక్కరోజు కూడా నిలబడలేదు. అప్పు కట్టలేదన్న నోటీసు మాత్రం ఆయన ఇంటికే వచ్చింది. ఆయన దాన్ని నా దగ్గరకు చదివించుకోవడానికి తెచ్చినప్పుడు ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

మూడు, సంతకం. నాకు జీతం వస్తుంది కాబట్టి జమానత్ నన్నే అడిగారు. ఫైనాన్సు మనిషి ఖాళీ చెక్కులు అయిదు, ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగాడు. ఇవ్వనని చెప్పాను. బ్యాంకులో జమానత్ పెట్టాను. పెట్టే ముందు రుణపత్రం నకలు ఇంటికి తెచ్చి రెండు సాయంత్రాలు చదివాం. కిస్తీ తప్పితే జరిమానా ఎంత, ముందే తీర్చేస్తే ఏమైనా కట్టాలా, కిస్తీ నెలలు ఏవి అన్నవి చూశాం. మొదట ఏప్రిల్, అక్టోబర్ అని రాశారు. అక్టోబర్‌లో మా దగ్గర డబ్బుండదు, పత్తి ఇంకా చేన్లోనే ఉంటుంది. జనవరి, జూలైకి మార్చమని అడిగాం. మార్చారు. అడగకపోతే మార్చేవాళ్లు కాదు.

1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉన్న కాలంలో గోండు పిల్లల కోసం బడులు, గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ అక్కడ మొదలయ్యాయి. పట్టా కాగితం చదువుకోలేక భూములు పోయిన కాలం అది. పట్టా చదవడం ఆ తరం నేర్చుకుంది. రుణపత్రం చదవడం మన తరం నేర్చుకోవాలి. ఆదిలాబాద్ డైట్‌లో డీఎడ్ చేసిన రోజుల్లో వడ్డీ లెక్కలు ఎట్లా చెప్పాలో నేర్పారు. ఫ్లాట్ వడ్డీ అనే మాట మాత్రం ఆ పుస్తకాల్లో లేదు.

రెండేళ్లలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. మొదటి ఏడాది బయట కిరాయి 160 గంటలు వచ్చింది. కావలసినదానికి 24 గంటలు తక్కువ, అంటే 12,000 లోటు. ఆ ఏడాది పత్తిని మా ట్రాలీలోనే సీసీఐ కేంద్రానికి తోలాం. రెండు రాత్రులు వరుసలో ఉన్నాం. తేమ ఎక్కువుందని కొంత కోత పెట్టారు. అయినా సేటు ధర కంటే మిగిలిన డబ్బుతో ఆ లోటు పూడింది. రెండో ఏడాది 210 గంటలు వచ్చింది. నాలుగు కిస్తీలు తప్పకుండా కట్టాం, ఇంకా ఆరున్నాయి. ట్రాక్టర్ వల్ల మేము ధనవంతులం కాలేదు. కానీ రెండేళ్లూ పదునులోనే విత్తనం పెట్టాం. సేటు దగ్గర ఇంకా ఎరువుల ఖాతా ఉంది, దుక్కి ఖాతా మాత్రం లేదు. కొత్తగా కొనేవాళ్లకు ఒక వెసులుబాటు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. షోరూం ధర అడిగేటప్పుడు ఈ తగ్గింపు అందులో కలిసిందా అని విడిగా అడగండి.

ఇంకో విషయం చెప్పకుండా ముగించలేను. ట్రాలీ సరుకుకే. కేస్లాపూర్ జాతరకు, పెళ్లిళ్లకు, పత్తి ఏరే కూలీకి మనవాళ్లు ముప్పై నలభై మంది ట్రాలీలో ఎక్కుతారు. చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది. గుట్ట దారిలో ట్రాలీ తిరగబడితే లెక్కలన్నీ వ్యర్థం. మా ఒప్పందంలో మనుషులను ఎక్కించకూడదని రాసుకున్నాం. దీని వల్ల బంధువుల్లో కొందరికి కోపం వచ్చింది, ఇంకా ఉంది. ఉండనివ్వండి. పీటీఓ షాఫ్టు మీద కవరు తీసేసి నడపడం కూడా అంతే ప్రమాదం. చీర కొంగు, పంచె అంచు చిక్కితే మనిషిని లాగేస్తుంది. నడిపేవాళ్లకు లైసెన్సు ఉండాలి. ట్రాక్టర్ నడపడం, మరమ్మతు చేయడం నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ సంస్థలో శిక్షణ ఉంది. పది గూడేలకు ఒక మంచి మెకానిక్ మన పిల్లల్లోంచే వస్తే, ట్రాక్టర్ ఉన్న ప్రతి ఇంటికీ అది మేలు.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక విన్నపం. బడిలో శాతాలు, వడ్డీ చెబుతున్నాం. రాము సురేష్‌కు వెయ్యి రూపాయలు అప్పిచ్చాడు అని మొదలుపెడతాం. దాని బదులు పిల్లలనే వాళ్ల ఇళ్లకు పంపండి. మీ ఇంట్లో దుక్కి గంట ఎంత, ఎన్ని గంటలు, ఎవరికి కట్టారు, పత్తి ఎక్కడ కొలిచారు, ఎంతకు కొలిచారు అని అడిగి రాసుకురమ్మనండి. పోయిన ఏడాది మా బడిలో ఇట్లా చేయించాను. ఇరవై రెండు మంది పిల్లలు లెక్కలు తెచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి వాళ్ల నాయన బ్యాంకు కాగితం తెచ్చి, "టీచర్, ఇది ఫ్లాటా, తగ్గేదా?" అని అడిగింది. ఇద్దరం కలిసి చదివాం. తగ్గేదే. ఆ మాట ఇంటికి పోయి చెప్పమని పంపాను.